ఎండలో తెల్ల గడి

"రెండు డబ్బాలు యోగేందర్. ఒకదాంట్లో పోలియో మందు. రెండోదాంట్లో పోలియో."

దిల్‌సుఖ్‌నగర్ ఇరానీ హోటల్లో చీఫ్ శ్రీరామమూర్తి బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ అన్నాడు. అది విరిగి కప్పులో పడినా పట్టించుకోలేదు. పరిస్థితి ఎంత దూరం వచ్చిందో ఏజెంట్ యోగేందర్‌కు అప్పుడే అర్థమైంది.

"ఎవరి పని సార్?"

"ఆర్కిడ్. విదేశీ ముఠా. సీసాల్లో బతికున్న వైరస్ నింపారు. పిల్లల కాళ్లు పడిపోతే జనం మందునే తిడతారు. ఇక ఏ తల్లీ బిడ్డ నోరు తెరిపించదు."

"ప్రోగ్రామ్ ఆపేద్దాం సార్."

"ఆపితే పుకారు పుడుతుంది. పుకారు పుట్టినా గెలుపు వాళ్లదేనయ్యా! చప్పుడు కాకూడదు. మన సోర్స్ సౌందర్య సూపర్‌వైజర్ వేషంలో అక్కడే ఉంటుంది. కోడ్‌వర్డ్ 'ఎండ ముదిరింది'. దొంగ డబ్బా ఏదో ఆవిడే చెబుతుంది."

యోగేందర్ చేతికర్ర అందుకున్నాడు. రెండేళ్ల వయసులో అతని ఎడమకాలిని తినేసింది ఈ వైరసే. కర్రలో ట్రాన్స్‌మిటర్ అమర్చి ఇచ్చారు గానీ కాలు ఎవరిస్తారు? ఆ ముఠా మీద అతనికి డ్యూటీకి మించిన కోపం ఉంది.

2011 ఫిబ్రవరి. ఆదివారం. ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమకారుల రాస్తారోకో, దాని మీద రోడ్డు మీదే వండిపెట్టే వంటావార్పు. మందు తెచ్చిన వ్యాన్ నాలుగు గంటలు ఎండలో మాడింది. చివరికి పోలియో బూత్ కూడా షామియానా కిందే, అన్నానికి కాగుతున్న ఎసరు పక్కనే వెలిసింది. తల్లులు ఎలాగూ పిల్లల్ని చంకనేసుకుని ధర్నాకే వచ్చారు.

"తోసుకోకుండ్రి! జర ఒక్కొక్కలే రాండ్రి!" నర్సు సైదమ్మ గొంతు మైకును మించిపోతోంది.

నల్ల కళ్లద్దాలు, గంజి పెట్టిన చీర. సౌందర్య నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"ఎండ ముదిరింది కదండీ. దొంగది నీలం డబ్బా. సీసాల మీద గడి చూడండి, బూడిదరంగు తిరిగింది. ఎర్ర డబ్బాలోవి మల్లెపువ్వుల్లా ఉన్నాయి."

మందు సీసా లేబుల్ మీద చిన్న తెల్ల గడి ఉంటుంది. వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది. చుట్టూ ఉన్న వలయమంత ముదిరితే ఆ మందు పారేయాలి.

యోగేందర్ నీలం డబ్బాను పక్కకు లాగాడు. పని ఇంత సులువుగా అయిపోవడమే అతనికి నచ్చలేదు. మనసు కుదుటపడక అందులో చెయ్యి పెట్టి చూశాడు. ఐస్ కరిగి గోరువెచ్చని నీళ్లయింది. ఎర్ర డబ్బాను తాకాడు. పెనంలా కాలింది! లోపల ఒక్క ఐస్ ప్యాకూ లేదు. వైరస్‌కు చల్లదనం ఎందుకనుకున్నారు కాబోలు.

రెండూ ఒకే వ్యాన్‌లో, ఒకే ఎండలో మాడాయి. మరి ఎర్ర డబ్బాలో గళ్లు ఇంకా తెల్లగా ఎలా ఉన్నాయి?

మామూలు సిరాతో అచ్చేసిన గడి ఏ ఎండకూ మారదు. అంటే దొంగది ఎర్ర డబ్బాయే. సౌందర్య తేనె పూసిన కత్తి.

అప్పటికే సైదమ్మ లైన్లో మొదటి పసివాడి బుగ్గలు నొక్కి, ఎర్ర డబ్బాలోని సీసా వంచింది. కొసన చుక్క ఉబ్బుతోంది. అరిస్తే తల్లులంతా పారిపోతారు. మళ్లీ ఎప్పటికీ రారు.

యోగేందర్ కర్రలోని ట్రాన్స్‌మిటర్ మీట రెండుసార్లు నొక్కి, కాలు మడతపడ్డట్టు ముందుకు పడ్డాడు. కర్ర సైదమ్మ మణికట్టుకు తగిలింది. భుజం బల్లను కుమ్మింది. సీసా, ఎర్ర డబ్బా అన్నీ వెళ్లి కుతకుత ఉడుకుతున్న ఎసట్లో పడ్డాయి. ఆ మరుగులో ఏ వైరసూ బతకదు.

"మందంతా ఆగం జేసిండు!"

"మా ఎసరు గూడ ఖరాబాయె!"

తిట్లన్నీ తలవంచుకుని భరించాడు. కుంటివాడు పడితే ఎవరికీ అనుమానం రాదు. ఆ సంగతి జీవితంలో మొదటిసారి అక్కరకొచ్చింది.

సౌందర్య ఆటో కోసం పరుగెత్తింది. రాస్తారోకోలో ఆటో ఎక్కడిది? పొద్దుటినుంచి గరిటెలు తిప్పుతున్న ఇద్దరు డిపార్ట్‌మెంట్ మనుషులు చెరోపక్కా చేరారు.

"భోంచేసి పోదురుగని మేడమ్."

సైదమ్మ నీలం డబ్బాలో సీసా తీసి గడి చూసింది. "జర మసకైంది గని, ఇంక పనికొస్తది." సోడా బండి మీది ఐస్ తెప్పించి డబ్బాలో కుక్కింది. పిల్లలు ఒక్కొక్కరే నోళ్లు తెరిచారు. యోగేందర్‌కు కళ్లు చెమర్చాయి.

లైను తగ్గాక ఆమె అతని దగ్గరికొచ్చింది. కోపం సగం, జాలి సగం.

"చిన్నప్పుడు మీ అమ్మ నీకు గీ రెండు చుక్కలు ఏపిచ్చుంటే గిట్ల మంది మీద పడేటోనివా అన్నా?"

"నిజమే అక్కా. ఏపిచ్చుంటే గియ్యాల పడకపోదును."

కొత్త నీళ్లతో మళ్లీ ఎసరు పెట్టారు. ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో దారిన పోయేవాళ్లందరికీ అన్నం పెట్టారు, ఆఖరికి సౌందర్యకు కూడా. ఎసరు చెడగొట్టిన యోగేందర్‌కు మాత్రం పెట్టలేదు.