నాలుగు తలుపుల్లో అక్క గొంతు

కారు డోర్ ప్యానెల్ ఊడదీసేటప్పుడు లోపలి ప్లాస్టిక్ క్లిప్పు టప్‌మంటుంది. అది ఊడిందో విరిగిందో చూసేదాకా నాకు ప్రాణంలో ప్రాణం ఉండదు. ఇన్నేళ్ళుగా కార్లకి స్పీకర్లు మారుస్తున్నా ఆ దడ పోలేదు. అలాంటి పిరికివాణ్ణి పట్టుకుని, ఒక అమ్మాయి దగ్గరికెళ్ళి నువ్వంటే ఇష్టమని చెప్పమంది ఒకరోజు మా అక్క. అదీ ఆ రోజే చెప్పాలట. ఎందుకంటే మర్నాడు చెబుదామంటే ఆవిడ ఊళ్ళో ఉండదు.

ఆవిడ పశువుల డాక్టరు. మా షాపుకి మొదటిసారి వచ్చిన రోజే నాతో పేచీ పెట్టుకుంది. బండి ఎస్‌యూవీ, అద్దాల దాకా బురద. నేను అలవాటు కొద్దీ, మంచి బేస్ ఉన్న సెట్టుందండీ, పక్క వీధికి కూడా వినపడుతుంది అన్నాను.

"పక్క వీధి సంగతి మీకెందుకండీ? నాకు వినపడితే చాలు. అది కూడా పాటలు కాదు, మాటలు."

తర్వాత విషయం చెప్పింది. ఎక్కడో ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే జనం ఈవిడకి ఫోన్ చేస్తారు. బండి నడుపుతూనే, తను చేరేలోగా ఏం చెయ్యాలో వాళ్ళకి చెప్పాలి. కంపెనీ స్పీకర్లలో మోగే కాగితపు పొర చిరిగిపోయి, వాళ్ళు చెప్పేదాంట్లో సగం తలుపులే మింగేస్తున్నాయి. "స్పీకర్ గారూ, అక్కడ ప్రాణం మీదికొచ్చి వాళ్ళు ఏడుస్తుంటే నాకు బరబర తప్ప ఏమీ వినపడట్లేదు" అంది. బేస్ గురించి వాగినందుకు నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి ఆవిడకి నేను స్పీకర్ గారినే.

మాట బాగా వినపడుతోందో లేదో తేల్చాలంటే పాట పెడితే లాభం లేదు, మనిషి మాట్లాడాలి. అందుకని నా ఫోన్‌ని ఆ బండికి బ్లూటూత్‌లో కలిపి మా అక్కకి కాల్ చేసేవాణ్ణి. అక్క ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని, చేతికందింది చదివేది. ఎక్కువసార్లు అందేది వాషింగ్ మెషిన్‌తో వచ్చిన పుస్తకమే. తడి చేతులతో ప్లగ్ ముట్టుకోరాదని అక్క వార్తలు చదివినంత గంభీరంగా చదువుతుంటే, డాక్టరు గారు పక్క సీట్లో కళ్ళు మూసుకుని వినేది. నేనేమో కళ్ళు తెరుచుకుని ఆవిణ్ణే చూసేవాణ్ణి.

ఒక్కో తలుపుకీ ఒక్కో గొడవ. ఒకదాంట్లో కొత్త స్పీకర్ వెనక భాగం లావైపోయి, అద్దం దించితే దానికి కొట్టుకుంది. కింద రింగు వేసి స్పీకర్‌ని కాస్త ముందుకి జరిపాను. ఇంకోదాంట్లో రేకు వణుకుతుంటే లోపల మందపాటి షీటు అంటించాను. ఆవిడకి డ్యూటీ లేనప్పుడే బండి దొరికేది కాబట్టి, ఒక తలుపు అయ్యాక ఇంకో తలుపు కోసం నేను ఎదురుచూసేవాణ్ణి. వెనక కుడి తలుపు మొదటిసారికే చక్కగా కుదిరినట్టనిపించింది. పని అయిపోయిందని నాకు దిగులేసింది. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని విని, ఇంకా బొంగురుగానే ఉందండీ అంది. నా చెవులకేదో అయిందనుకుని ఆ తలుపు మళ్ళీ విప్పాను.

ఒకసారి వాన పట్టుకుంది. తలుపుల్లోకి నీళ్ళు దిగుతాయేమో చూడాలని బండిని వానలోనే ఉంచి ఇద్దరం లోపల కూర్చున్నాం. అద్దాలకి ఆవిరి పట్టింది. అక్క చదవడం ఆపి, పక్కన ఇంకెవరో ఉన్నట్టున్నార్రా అని అడిగింది. నేనేనండీ అక్కగారూ అని డాక్టరు గారు పలికింది. ఇక ఇద్దరూ నన్ను వదిలేసి, నల్ల బట్ట మీద నల్ల దారంతో కుడితే కళ్ళెలా పోతాయో మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే అక్క నా మొహం చూసి, ఎప్పట్నుంచిరా అని మాత్రమే అడిగింది.

ఆ తర్వాత ఆవిడకి బదిలీ వచ్చింది. దూరం పోస్టింగ్, ఈ బండిలోనే వెళ్తుంది. ఆఖరి తలుపు బిగించి బండి అప్పగించే రోజున వాళ్ళ నాన్నగారిని వెంటబెట్టుకొచ్చింది.

ఆయన జీవితమంతా లారీ నడిపిన మనిషి. నా మొహం వైపు చూడలేదు. తిన్నగా బండి దగ్గరికెళ్ళి ఒక్కో తలుపూ వేసి తీసి, వేలి కణుపుతో కొట్టి చూశాడు. కంపెనీ బిగించిన తలుపు విప్పొద్దని మా అమ్మాయికి ముందే చెప్పాను అన్నాడు, ఎవరితోనన్నది తెలీకుండా. నాకు నాలుక పిడచకట్టుకుపోయింది. మంచినీళ్ళు తాగొస్తానని అద్దాల క్యాబిన్‌లోకి వచ్చి, చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూ నిలబడ్డాను. ఒక వాక్యం కుదిరితే రెండోది పారిపోతోంది.

ప్రతి బండికీ చివర్లో చేసే పనొకటుంది. బండి బ్లూటూత్ లిస్టులోంచి నా ఫోన్ తీసెయ్యాలి, లేకపోతే బండి ఆన్ చెయ్యగానే నా కాల్స్ దాంట్లోనే మోగుతాయి. ఆ రోజు మర్చిపోయాను. బుర్ర స్థిమితంగా ఉంటే కదా.

బయట ఆయన నాలుగు తలుపులూ బార్లా తెరిచి, డ్రైవర్ సీట్లో కూర్చుని బండి ఆన్ చేశాడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. అక్క. నేను ఎత్తేలోగానే మోత ఆగిపోయింది. కట్ చేసింది కాబోలనుకుని చూస్తే, కాల్ నడుస్తోంది. తలెత్తి చూశాను. ఆయన వేలు స్టీరింగ్ మీద కాల్ ఎత్తే పచ్చ బటన్ దగ్గరుంది.

"ఒరేయ్, చెప్పావా లేదా?"

నాలుగు తలుపుల్లోంచి మా అక్క గొంతు. కాల్ కట్ చెయ్యాలని కూడా తట్టలేదు నాకు. ఫోన్ టేబుల్ మీద పడేసి బయటికి పరిగెత్తాను.

"మాట్లాడవేంట్రా? ఆ డాక్టరమ్మ రేపు వెళ్ళిపోతోంది. బాగున్న తలుపుని బాగాలేదంటే కిక్కురుమనకుండా విప్పావు, నోరు విప్పడానికి ఏం రోగం? వాళ్ళ నాన్నంటే భయమా? ఆయనేమన్నా నిన్ను కొరుక్కు తింటాడా?"

స్పీకర్లు ఇంత బాగా పనిచేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. వాళ్ళ నాన్నగారు స్టీరింగ్ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. డాక్టరు గారు నన్ను చూసింది. తర్వాత బండిలోకి వంగి, పైనున్న మైకు వైపు మొహం తిప్పింది.

"ఇంకా చెప్పలేదు అక్కగారూ. ఇదిగో, నా ఎదురుగానే ఉన్నారు. చెప్తారేమో విందాం."

అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.  కూడబలుక్కున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"మీరంటే నాకిష్టమండీ" అన్నాను. "రేపు మీరు వెళ్ళిపోతారంటే భయంగా ఉంది. మీరు కాదన్నా పర్వాలేదు. అబద్ధం, పర్వా ఉంది. కానీ చెప్పకుండా ఉండటం ఇక నావల్ల కావట్లేదు."

ఆవిడ వెనక కుడి తలుపు మీద చెయ్యి వేసింది.

"ఇది మొదటిసారే బాగా వినపడింది" అంది మెల్లగా. "ఇంకోసారి రావచ్చని బొంగురుగా ఉందన్నాను."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఆయన ఉన్నాడు కదా. ఆయన బండి దిగి, కూతురి మొహం చూసి, నా మొహం చూశాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మళ్ళీ సీట్లోకి వంగాడు.

"అమ్మా, సాయంత్రం మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా?"

"ఉంటారండీ" అంది అక్క. అంత చిన్న గొంతు మా అక్కకి ఉందని నాకప్పుడే తెలిసింది.

"అయితే వస్తాం" అని, ఆయన తలుపు మీద ఇంకోసారి కణుపుతో కొట్టాడు. "మాట బాగానే వినపడుతోంది" అని చెప్పి, టైర్లు చూడ్డానికి బండి వెనక్కి నడిచాడు.

అక్క ఫోన్ పెట్టేసింది. నేను ముందు సీట్లోకి వంగి, లిస్టులో నా ఫోన్ వెతికి తీసెయ్యబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండి. మీరు అక్కడికి వచ్చినప్పుడల్లా మళ్ళీ కలపడం ఎందుకు?"