తూర్పు స్టాండులో చప్పట్లు

చీకటి పడ్డాక తూర్పు స్టాండు వైపు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

జూబ్లీహిల్స్ మెరుపులన్నీ దాటి, గుట్ట మీది నుంచి బోరబండ వైపు దిగుతుంటే డెక్కన్ రాక్స్ ఫుట్‌బాల్ క్లబ్బు గ్రౌండు వస్తుంది. మూడు వైపులా పాత సిమెంటు మెట్లు. నాలుగో వైపు, పెద్ద బండరాయి ఉన్న చోట, దాన్ని పేల్చి కొత్తగా కట్టిన తూర్పు స్టాండు. ఎత్తైనది, నీలం కుర్చీలది. ఇంతకంటే ఎక్కువమంది కూర్చునే చోటు ఉంటే తప్ప క్లబ్బును పెద్ద లీగ్‌లోకి తీసుకోరట. అందుకని కట్టారు.

కట్టారు గానీ... అందులో కూర్చునేవాళ్ళేరీ?

"బండ పేలుస్తున్నప్పుడు ఒక మేస్త్రీ దాని కింద పడిపోయాడట. శవాన్ని తియ్యకుండానే కాంక్రీటు పోసేశారట. వాడికి ఫుట్‌బాలంటే ప్రాణమట. ఇప్పటికీ పై వరసల్లో కూర్చుని చప్పట్లు కొడతాడట..."

ఇదీ ఆ చోటుకొచ్చిన చెడ్డపేరు. వెనక సందులో ఆటోవాళ్ళు బండి ఆపేవాళ్ళు కాదు. అటు గేటు దగ్గర పెట్టిన వాచ్‌మన్ జీతం కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. మ్యాచ్ చూద్దామని వచ్చిన కుటుంబాలు కూడా పాత మెట్ల మీదే ఇరుక్కుని కూర్చునేవి — నీలం కుర్చీలన్నీ ఖాళీగా పెట్టి.

నాకీ సంగతి చెప్పింది హిమజ. మధురానగర్‌లో మా ఎదురింటి అమ్మాయి. ఆ క్లబ్బులో ఆమె పని జనాన్ని రప్పించడం. కాలేజీలకూ అపార్ట్‌మెంట్లకూ తిరిగి, "ఇంటిల్లిపాదీ రండి, సాయంత్రం సరదాగా గడుస్తుంది" అని పిలవడం. ఆమె ఎలా చెప్పిందో అలాగే చెబుతున్నాను.

మొదట్లో తను నమ్మలేదు. కథలు ఎవరైనా అల్లుతారు.

ఒకరోజు పొద్దుపోయాక ప్రాక్టీసు నడుస్తోంది. కరెంటు బిల్లుకు భయపడి సగం లైట్లే వేసేవాళ్ళు. తూర్పు స్టాండంతా చీకటి. గోల్‌కీపర్ మౌళి, దూరం నుంచి దూసుకొచ్చిన బంతిని గాల్లోకి ఎగిరి వేలికొసలతో తప్పించాడు.

అప్పుడు వినబడింది.

టప్... టప్... టప్...

పైనుంచి. చీకట్లోంచి. మెత్తగా, ఆచితూచి కొడుతున్నట్టు. అంతలోనే ఆగిపోయింది.

మౌళి గోల్ వదిలేసి గబగబా ఆమె దగ్గరికొచ్చాడు.

"విన్నరా మేడమ్?"

"రోజూ ఇంతేనా?"

"రోజూ కాదు. నేను మంచిగ ఆడినప్పుడే." అతని ముఖంలో నవ్వు లేదు. "ఎన్క నుంచి ఎవరో నన్నే చూస్తున్నట్టుంటది మేడమ్. నిద్ర పడతలేదు. గోల్ అవతలి దిక్కుకి మార్చమని కోచ్‌ని అడిగిన... నవ్విండు."

ఆ రాత్రి హిమజ కూడా సరిగా నిద్రపోలేదు. దెయ్యానికి భయపడి కాదు. అవి గాలికి రేకులు కొట్టుకున్న చప్పుళ్ళు కావు. మంచి ఆటకే మోగుతున్నాయి. అంటే అక్కడ ఎవరో ఉన్నారు. ఎవరు? ఎందుకు దాక్కుంటున్నారు?

ముందు గుట్ట మీది కాలనీ సంఘం మీద అనుమానం వచ్చింది. గ్రౌండు పెరగడం వాళ్ళకు మొదట్నుంచీ ఇష్టం లేదు. గోలంటారు, ఇళ్ళ ముందు బళ్ళు పెడతారంటారు. జనాన్ని బెదరగొట్టడానికి వాళ్ళే మనిషిని పెట్టారేమో!

మర్నాడు పొద్దున్నే ఒక్కతే పైకెక్కింది.

పై వరసలన్నీ శుభ్రంగా ఉన్నాయి. అదే ఆమెకు వింతగా తోచింది. ఊడ్చేవాళ్ళు భయపడి ఇటు రావడమే మానేశారు కదా... మరి ఎవరు ఊడ్చారు? వంగి చూసింది. కుర్చీ కాలికీ సిమెంటుకీ మధ్య సందులో పల్లీ పొట్టు.

దెయ్యాలు పల్లీలు తింటాయా?

కిందికి దిగి, స్టాండు వెనక గేటు దగ్గరికి వెళ్ళింది. కట్టిన నాటి నుంచీ ఆ గేటు తియ్యలేదని అందరూ చెప్పేవాళ్ళు. తాళం పట్టుకుని చూసింది. వేళ్ళకు నూనె అంటింది. కొత్త నూనె.

దాని తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది. క్లబ్బు చైర్మన్ కాశీవిశ్వనాథం గారి దగ్గర.

ఆయన ఒకప్పుడు సినిమాలు కొని జిల్లాల్లో ఆడించిన మనిషి. ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు. గోడలనిండా వందరోజుల షీల్డులు. వయసైపోయినా మనిషి చురుకే, మాట తీపి.

"సార్, ఆ మేస్త్రీ సంగతి నిజమేనా?" అని అడిగింది హిమజ.

కాఫీ కప్పు ఆయన నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"అందరూ చెబుతున్నారండీ. అతని పేరేంటి సార్?"

ఆయన కప్పు కింద పెట్టేశారు. కిటికీలోంచి బయట ఆగిన స్టూడియో వ్యాను వైపు చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి — "చీకటి పడ్డాక అటు వెళ్ళకమ్మా. నీ మంచికే చెబుతున్నా" అన్నారు.

వెంటనే మాట మార్చేశారు. "లీగ్ వాళ్ళు వచ్చే ఆదివారం మ్యాచ్‌కి వస్తున్నారు. స్టాండు ఖాళీగా కనబడిందంటే మన పని అయిపోయినట్టే. జూనియర్ ఆర్టిస్టుల్ని మాట్లాడుతున్నాలే. జెండాలిస్తే ఊపుతారు, ఈల వెయ్యమంటే వేస్తారు."

హిమజ లేచి బయటికొచ్చేసింది. కింద చచ్చిపోయిన మనిషి... పైన దొంగ జనం.

కాంట్రాక్టరుకు ఫోను చేసింది. "అబ్బే, మా పనిలో ఎవరూ పోలేదండీ" అన్నాడతను. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి — "దేనికైనా సార్‌నే అడగండి" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఇక ఆమెకు అనుమానం తీరలేదు సరికదా, ముదిరింది. మనిషి పోయాడు. ఈయన కప్పెట్టేశాడు. ఆ చచ్చినవాడి తాలూకు వాళ్ళెవరో రాత్రిళ్ళు వచ్చి వెళ్తున్నారు, వాళ్ళ నోరు మూయించడానికి ఈయనే గేటు తీస్తున్నాడు. అలా కాకపోతే ఆ నూనె ఎందుకు? ఆ ముఖం ఎందుకు అలా మారింది?

తను మాత్రం చంకలో పిల్లలున్న తల్లుల్ని కూడా పిలుస్తోంది — రండి, వచ్చి ఆ మనిషి మీద కూర్చోండి, అని!

ఆ సాయంత్రమే తేల్చుకుందామనుకుంది.

చీకటి పడింది. సగం లైట్లు వెలిగాయి. కోచ్ విజిల్ మొదలైంది. హిమజ ఎవరికీ చెప్పకుండా గ్రౌండు చుట్టూ తిరిగి స్టాండు కిందికి చేరింది.

అక్కడ పేల్చగా మిగిలిన బండ అలాగే బయటికి పొడుచుకుని ఉంటుంది. దాన్ని ఆనుకునే మెట్లు. చెయ్యి వేస్తే పగటి ఎండ వేడి ఇంకా ఉంది... ఒంటి వేడిలా. చటుక్కున చెయ్యి తీసేసింది.

వెనక గేటు వైపు చూసింది.

తాళం లేదు. గేటు ఓరగా తీసి ఉంది.

వెనక్కి పోదామా అనుకుంది. పైనుంచి, నెమ్మదిగా —

టప్... టప్... టప్...

చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. చప్పట్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. ఒకరు కాదు... చాలామంది.

ఆఖరి మెట్టెక్కి తల పైకెత్తింది.

పై వరసల్లో ఈ చివర నుంచి ఆ చివరదాకా నల్లగా తలలు. కదలడం లేదు. అన్నీ గ్రౌండు వైపే తిరిగి ఉన్నాయి. కొన్నిటికి ముసుగులు.

ఫోను టార్చి వేసింది.

"లైటు బంద్ జెయ్ బిడ్డా..." గుసగుసగా ఒక ఆడగొంతు. "కిందికి కనబడ్తది."

వెలుగులో ఒక ముసలావిడ ముఖం. తలమీదుగా కొంగు. ఒళ్ళో పల్లీల పొట్లం. ఒలిచిన పొట్టంతా సంచిలో వేసుకుంటోంది. ఆవిడ పక్కన నెత్తిన మంకీక్యాప్, ఒంటి చుట్టూ శాలువా కప్పుకున్న మనిషి, ముఖం పక్కకి తిప్పుకోబోయి... తిప్పుకోలేక...

"కూర్చోమ్మా, అడ్డం నిలబడకు. కార్నర్ కొడుతున్నారు" అన్నాడు.

కాశీవిశ్వనాథం గారు!

హిమజ చెప్పులు కింద పెట్టి పక్క కుర్చీలో కూర్చుంది.

ముసలావిడ పేరు బాలమణి. బోరబండ స్టేషన్ దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తుంది. మిగతావాళ్ళంతా ఆ చుట్టుపక్కలవాళ్ళే.

"గీడ మా బండ ఉండె బిడ్డా," అంది బాలమణి, కళ్ళు ఆట మీంచి తియ్యకుండానే. "నా పెండ్లిగాక ముందు సంది గా బండ మీద కూసోనే జూసిన. పైసల్లేవ్, టికెట్ లేదు. బండ వాయె. గోడ వచ్చె."

ఆ తర్వాత సంగతి చైర్మన్ చెప్పారు, చెవిలో గొణిగినట్టు. పెద్ద స్టాండుకు కాలనీ సంఘం ఒప్పుకోవాలంటే షరతు పెట్టింది — బస్తీ వైపున్న ఈ వెనక గేటు ఎప్పటికీ తియ్యకూడదు. ఆయన సంతకం పెట్టారు. స్టాండు అయ్యాక ఒక సాయంత్రం వెనక సందులో కారు ఆపితే, వీళ్ళు గోడకు ఎదురుగా బారులుగా నిలబడి ఉన్నారట. కనబడేది సిమెంటు. లోపల బంతి తన్నిన చప్పుడు మాత్రం వింటున్నారు.

"ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయానమ్మా. మర్నాడు తాళం తీశాను."

"మరి మేస్త్రీ?"

ఆయన శాలువా దగ్గరికి లాక్కున్నారు.

"పైకెవరూ రాకుండా ఉండాలని, బండ కింద ఒక మేస్త్రీ పోయాడని వాచ్‌మన్‌కు నేనే చెప్పాను. ఊరికే, టీ తాగుతూ. వారం తిరిగేసరికి ఆ కథ ఫిల్మ్‌నగర్‌లో నాకే ఎదురొచ్చింది. ఫుట్‌బాలంటే ప్రాణమనీ, కాంక్రీటు పోశారనీ... అవేవీ నేను చెప్పినవి కావు."

హిమజకు భయం పోయి మంట పుట్టింది.

"మౌళికి నిద్ర లేదు సార్! వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతున్నారు. నేనేమో మిమ్మల్ని హంతకుడనుకున్నాను!"

"నువ్వైనా అనుకున్నావు," అన్నారాయన. ఆ గొంతులో ఏదో చల్లగా తగిలిందామెకు. "ఇన్ని నెలల్లో వాడి పేరేంటని అడిగింది నువ్వొక్కదానివే. మిగతావాళ్ళు కుర్చీ మార్చుకున్నారంతే."

కింద మౌళి మళ్ళీ బంతి ఆపాడు. చీకట్లో అరచేతులన్నీ మెత్తగా కలిశాయి. అతను ఉలిక్కిపడి వెనక్కి చూడటం పైనుంచి స్పష్టంగా కనబడింది.

హిమజ లేచింది.

"ఎక్కడికమ్మా?"

ఉత్త కాళ్ళతో మెట్లన్నీ దిగి, స్విచ్చుల గదిలోకి పోయి, తూర్పు వైపు లైట్లు ఒక్కటీ వదలకుండా వేసేసింది.

స్టాండంతా పట్టపగలైపోయింది. నీలం కుర్చీల్లో కొంగులు, తువ్వాళ్ళు, మంకీక్యాపులు. ఒళ్ళో నిద్రపోతున్న పిల్లలు. దొరికిపోయినట్టు అందరూ బిగుసుకుపోయారు. కింద ఆటగాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

బంతి ఒక్కటే దొర్లుకుంటూ పోయి గోల్‌లో పడింది.

బాలమణి లేచి నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, గుట్టంతా ప్రతిధ్వనించేలా అరిచింది —

"ఏంది మౌళీ గట్ల జూస్తున్నవ్? గోల్ వాయె గదరా!"

మౌళి గడ్డిలో కూర్చుండిపోయి ముఖానికి గ్లౌజులు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఎవరికీ తెలియలేదు.

ఆ వెలుగు గుట్ట మీది ఇళ్ళకు కనబడకుండా ఉంటుందా? కాలనీ సంఘం వాళ్ళు ఆ రాత్రే దిగివచ్చారు. చైర్మన్ మంకీక్యాప్ తీసి జేబులో పెట్టుకుని, గేటు దగ్గరికి తనే వెళ్ళారు. పెద్ద గొడవైంది. ఇప్పటికీ కోర్టులో ఉంది. కానీ గేటుకు మళ్ళీ తాళం పడలేదు. ఆదివారం జూనియర్ ఆర్టిస్టులు రాలేదు, వాళ్ళ అవసరమే లేకపోయింది. లీగ్ వాళ్ళు ఒక ఏడాదికి ఒప్పుకుని పోయారు.

ఆ తర్వాత పై వరసలు నిండటం చూసి, పాత మెట్లవాళ్ళు కూడా మెల్లగా ఇటు జరిగారు. ఆ కథ అబద్ధమనీ, ఎవరూ చావలేదనీ హిమజ మైకులో చెప్పించింది, పోస్టర్ల మీద కూడా వేయించింది.

మొన్నొక మ్యాచ్‌కు ఒకాయన భార్యాపిల్లల్ని తీసుకుని వచ్చాడట. మంచి ఉద్యోగస్తుడిలా ఉన్నాడు. హిమజను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమండీ... ఆ మేస్త్రీ శవాన్ని బయటికి తీసేశారా?"

"ఎవరూ చనిపోలేదండీ. అది ఉత్త కల్పన."

"అవునవునులెండి," అన్నాడాయన, అర్థమైందన్నట్టు తలూపుతూ. "మీరు అలాగే చెప్పాలి మరి."

జేబురుమాలుతో నీలం కుర్చీలు దులిపి, పిల్లల్ని కూర్చోబెట్టి, తనూ కూర్చున్నాడట.