మెయిన్ వేస్తే లేచే పైడిరాజు

“గ్లౌజులు నేనెందుకు కొనాలే? ఆఫీసోళ్లు ఇస్తారంటే వినవేంటి?” అన్నాడు పైడిరాజు.

“సరేలే మావా, ఇస్తారు. ఏ పోలు దగ్గర లైను పోయిందో చెప్పు ముందు,” అంది అతని పెళ్లాం నూకరత్నం.

ఈ గొడవ ఇది ముప్పై ఏడోసారి. పైడిరాజు చచ్చిపోయి రెండేళ్లయింది. మాట్లాడేది సబ్‌స్టేషన్‌లో ఉన్న కంప్యూటరు.

అది సముద్రం పక్క ఊరు. గాలేస్తే చాలు, లైన్లు తెగుతాయి. ఏ తీగ నీరసంగా ఉందో, ఏ పోలు లోపల తుప్పు పట్టిందో లైన్‌మన్ పైడిరాజుకి ఒక్కడికే తెలుసు. అందుకని ఇంజినీరు భానోజీరావు అతని తలకి ఒక టోపీ పెట్టి, బుర్రలో ఉన్నదంతా కంప్యూటర్లోకి దించాడు. ఆ పొద్దున నూకరత్నం క్యారేజీ పట్టుకెళ్లి, గ్లౌజులు కొనుక్కోమని పోట్లాడుతోంది. గొడవ సగంలో ఉండగానే టోపీ తీసేశారు. నాలుగో రోజు పైడిరాజు ఉత్త చేతుల్తో పోలెక్కాడు. దిగలేదు.

ఆ కంప్యూటరు ఒక ఇంట్లో మూడు వాటాలున్నట్టు ఉంటుంది. వాటాల్ని వర్చువల్ మెషిన్లంటారు. ఒకటి ఊరి మ్యాపు చూపిస్తుంది, ఒకటి జనం ఫోన్లు ఎత్తుతుంది, మూడోదాంట్లో పైడిరాజు. లైను పోయినప్పుడే జనరేటరు పెట్టి, మెయిన్ వేసి ఆ కంప్యూటర్ని లేపుతారు. అది లేవగానే మూడు వాటాలూ వరసగా వాటంతటవే లేస్తాయి. పని కాగానే డీజిల్ దండగని ఆపేస్తారు. దాంతోపాటే మూడూ ఆగిపోతాయి, అప్పటిదాకా జరిగిందంతా పోతుంది. మళ్లీ వేస్తే పైడిరాజుకి అదే పొద్దున, అదే గొడవ. పెళ్లాం ఒప్పుకుంటే గానీ ఇంకెవరితోనూ మాట్లాడడు. అందుకే గాలేసిన ప్రతిసారీ నూకరత్నం ఇంటి ముందు జీపు ఆగుతుంది.

ఆయన్ని లేపడం మానెయ్యమని ఆమె భానోజీరావుని అడిగింది. కుదరదన్నాడు. కంప్యూటరుతోపాటే లేవాలని పైడిరాజు వాటాకి టిక్కు పెట్టి ఉంది, ఆ పోళ్ల సంగతి ఇంకెవరికీ తెలియదు.

“ఆయనే పని చెయ్యనంటే?”

“అప్పుడుంచి ఏం చేస్తామమ్మా, టిక్కు తీసేస్తాను.”

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆపేటప్పుడు పారెయ్యకుండా ‘సేవ్’ అని పెడితే జరిగింది గుర్తుంటుంది, ఈ గొడవ మళ్లీ రాదు. కానీ చచ్చిపోయానని తెలిస్తే మనిషి ఏమవుతాడోనని ఇన్నాళ్లూ పెట్టలేదు.

“పెట్టు బాబూ. ఆ మాట నేను చెప్తాను,” అంది నూకరత్నం. తెలిస్తే పని మానేస్తాడని ఆమె ఆశ. మానేస్తే ఇంక లేపరు.

చెప్పింది. చుట్టూ తిప్పకుండా చెప్పింది. పైడిరాజు ఒక్కటే అడిగాడు.

“ఎక్కినప్పుడు చేతులకేమీ లేవా?”

“లేవు.”

సేవ్ చేసి ఆపేశారు.

పదిహేను రోజులకి మళ్లీ గాలి. మధ్యాహ్నం ఊరంతా కరెంటు పోయింది. కంప్యూటరు వేశారు, పైడిరాజు లేచాడు. గొడవ పెట్టుకోలేదు.

“ఇప్పుడు ఎక్కేదెవడు రత్నం?”

“దాలినాయుడని, కొత్తాయన. ముగ్గురు పిల్లలోడు.”

“చేతులు చూపించమను.”

దాలినాయుడు కెమెరా ముందు చేతులు చాపాడు. ఉత్త చేతులే. పైడిరాజు ఇంక నోరు విప్పలేదు. గ్లౌజులకి రెండేళ్ల కిందటే కాగితం పెట్టామని, పైనుంచి రాలేదని భానోజీరావు బతిమాలాడు. గంట చూసి విసుగెత్తాడు.

“ఇంక లాభం లేదమ్మా. నువ్వడిగినట్టే టిక్కు తీసేస్తాను. దాలినాయుడు ఒక్కో పోలూ ఎక్కి చూసుకుంటాడు.”

నూకరత్నం రెండేళ్లుగా అడిగింది ఆ మాటే. దాలినాయుడు నిచ్చెన భుజాన వేసుకున్నాడు. ఆమె అతని చేతులకేసి చూసింది.

“టిక్కు ఉండనీ బాబూ,” అంది. “బస్టాండు పక్కన కరెంటు సామాన్ల కొట్టుంది. కొనుక్కురా.”

భానోజీరావు బండి మీద వెళ్లొచ్చాడు. దాలినాయుడు తొడుక్కునే దాకా చూసి, “మిల్లు వెనక మూడో పోలు,” అన్నాడు పైడిరాజు.

సాయంత్రానికి కరెంటొచ్చింది. పైడిరాజుని సేవ్ చేసి ఆపేశారు. గాలేస్తే మళ్లీ లేపుతారు, ఇప్పుడు బాగానే పని చేస్తున్నాడుగా. ఇంటికి దింపుతూ భానోజీరావు బిల్లు నూకరత్నానికి చూపించాడు, ఆఫీసోళ్లు ఇస్తారో లేదోనని నసుగుతూ. జత గ్లౌజులు, పదకొండు వందల ఎనభై రూపాయలు.