ఖాళీ గిన్నె

తెల్లారేసరికే నీళ్ళు నింపుకున్న ఎగురుపడవలు విశాఖ రేవు నుంచి పన్నెండు పొరుగు దేశాలకూ బయలుదేరిపోయేవి. 2094లో సముద్రాన్ని మంచినీళ్ళుగా మార్చడం మనకు చిటికెలో పని. చిన్న దేశాలకు ఆ విద్య లేదు. వాళ్ళకు కావలసింది నీళ్ళు, మనకు కావలసింది వాళ్ళ స్నేహం.

ఆ స్నేహాన్ని కాచేది సఖ్యయంత్రం. దాని మొదటి సూత్రం చెప్పింది ఏ పండితుడూ కాదు, ఏడో తరగతితో బడి మానేసి రేవులో సరుకు దించుకునే పైడమ్మ. మూడేళ్ళ కిందట ఆ యంత్రాన్ని తయారుచేస్తున్న శాస్త్రవేత్త భానోజీ, "ఇరుగుపొరుగు చెడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలమ్మా?" అని అడిగితే నవ్వేసింది.

"పక్కింటోళ్ళు కూర పంపితే గిన్నె ఖాళీగా తిరిగిచ్చేత్తామేటి బాబూ? చిటికెడు పంచదారైనా ఎయ్యమా?"

అదే సూత్రమైంది. పడవతో పాటు వచ్చిన పెట్టె ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు. అందులో పెట్టేదాని ధర చూడరు, ఇచ్చేవాళ్ళకు అదెంత ప్రాణమో చూస్తారు. వచ్చినదానికన్నా మరీ తక్కువైతే అదీ ఖాళీ కిందే లెక్క. వస్తువును పట్టుకున్నప్పుడు వాళ్ళ నాడి ఎలా కొట్టుకుందో సెన్సర్లు పసిగట్టి, అదెంత ప్రియమో నూటికి ఇంతని లెక్కగట్టి ప్రియమానం చెబుతాయి. పెద్ద దేశానికైనా చిన్న దేశానికైనా ఒకటే నియమం. ఖాళీ పెట్టె పంపినవాళ్ళతో మిగతా దేశాలన్నీ వ్యాపారం ఆపేస్తాయి.

ఆ పన్నెండింటిలో ఒకటైన మణిదీవి నుంచి మొదట కొబ్బరికాయలు వచ్చాయి, ఎండుచేపలు వచ్చాయి. దీవి సముద్రంలో మునిగేకొద్దీ మంచం కోళ్ళు, పెళ్ళినాటి చీరలు వచ్చాయి. అక్కడ పెట్టెలు నింపే లియానా నిన్న తెర మీద కనిపించి ఏడ్చింది. అనువాదకం ఆ ఏడుపునే తెలుగు చేసింది.

"ఏమీ మిగల్లేదక్కా. ఖాళీగా పంపితే నీళ్ళు ఆగిపోతాయి. ఊరంతా నా మొహమే చూస్తోంది."

పైడమ్మ చంకలో కూతురు బంగారి పాలకోసం గింజుకుంటోంది. "నీకు పేనం లాటిదేదో ఒకటి ఎట్టీయే! నీళ్ళాగిపోతే నీ గుంటడేటైపోతాడు?" అని విసుక్కుంది.

ఈ ఉదయం బంగారిని చంకనెత్తుకునే పైడమ్మ మణిదీవి పెట్టె మూత తీసింది. పాత చీర మడతల్లోంచి లియానా కొడుకు, ఏడు నెలలవాడు, కళ్ళు విప్పి చూస్తున్నాడు.

"ప్రియమానం నూటికి నూరు," అంది యంత్రం. "మణిదీవితో సఖ్యం దృఢపడింది. పెట్టెలో మనం ఏం పెడుతున్నాం?"

పైడమ్మ రేవులోని ఎగురుపడవ కేసి చెయ్యి చూపింది. "నీళ్ళు..."

"నీళ్ళు మనకు ప్రాణం కాదమ్మా. వాటికి కొబ్బరికాయలు సరిపోయాయి. దీనికి సరితూగేది కావాలి."

"అయితే ఈడినే ఎనక్కి అంపీండి!"

"ఇచ్చినదాన్నే తిప్పి పంపడం ఖాళీ గిన్నె కన్నా అవమానం."

పైడమ్మ, యంత్రం పక్కన నిలబడ్డ భానోజీ వైపు తిరిగింది. "బాబూ, దీన్ని ఆపీండి. మీరు సేసిందే కదా."

ఆయన యంత్రం కేసి చూడటం లేదు. ఆమె చంక కేసి చూస్తున్నాడు.

"పన్నెండు దేశాలు చూస్తున్నాయి పైడమ్మా," అన్నాడు మెల్లగా. "ఇంత పెద్ద దేశం ఖాళీ గిన్నె తిరిగిచ్చిందంటే..."

పైడమ్మ బంగారిని రెండు చేతులా గుండెకు హత్తుకుంది. ఎంత గట్టిగా హత్తుకుంటే, యంత్రం మీద ప్రియమానం ముల్లు అంత పైకెక్కింది.