భోజన విరామం

ఆ ఉదయం తణుకులోని ఐజాక్ గారింట్లో ఇడ్లీలు చల్లారిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు. హాల్లో బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన ప్రమాణం చేయడానికి బైబిలు. సింగపూర్‌లో కూర్చుని కేసు తేల్చే ముగ్గురు ఆర్బిట్రేటర్ల ముందు ఆయన వీడియోలో సాక్ష్యం చెప్పాలి.

ఆయన పంపిన రొయ్యలు ఓడెక్కకముందే పాడయ్యాయని వాటిని కొన్న యూరప్ కంపెనీ కేసు వేసింది. ఓడితే రొయ్యల ప్లాంటు పోతుంది, వెనకే ఈ ఇల్లూ పోతుంది. ఆ సరుకుని ప్లాంటులో దగ్గరుండి చూసుకున్నది ఆయనే కాబట్టి కేసంతా ఆయన మాట మీదే ఉంది. ఇక లాయరు ఎవరంటే సొంత కూతురు తబిత. ఇలాంటి అంతర్జాతీయ కేసుల్లో ఆమెకు మంచి పేరే ఉంది. "నేనొద్దు నాన్నా, వేరేవాళ్లని పెట్టుకోండి" అని మొత్తుకుంది. ఆయన వింటేనా! "పరాయివాళ్లకి మన బాధేం తెలుస్తుందమ్మా?" అనేశారు.

అంతా సవ్యంగానే సాగుతుండగా అవతలి లాయరు మెత్తగా అడిగాడు, లోడింగ్ ముందురోజు కరెంటు పోయిందా అని.

"పోయిందండి. జనరేటర్ కూడా ఆలస్యమైందండి" అన్నారు ఐజాక్ గారు.

పక్క గదిలోంచి వాదిస్తున్న తబిత ఉలిక్కిపడింది. కరెంటు పోయింది అంతకుముందు లోడుకి. పెద్దాయన రెండూ కలిపేశారు. అంతలో భోజన విరామం ఇచ్చారు. సాక్ష్యం పూర్తయ్యేదాకా కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకూడదని ఆయన్ని మరోసారి హెచ్చరించారు.

"సరిగ్గానే చెప్పానా అమ్మా?" కంచం ముందు కూర్చుని అడిగారాయన.

"అన్నం తినండి నాన్నా."

"ఏదో తేడా చేశాను. నీ మొహం చూస్తే తెలుస్తోంది."

"ఇప్పుడు మాట్లాడకూడదు."

తల్లి జ్ఞానమ్మకి ఒళ్లు మండింది. "కన్నతండ్రికి ముద్ద దిగట్లేదు, రూల్సేంటే నీకు? ఇక్కడెవరు చూడొచ్చారు?"

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు. తబిత ఆగలేకపోయింది. "కరెంటు పోయింది ఈ లోడుకి కాదు నాన్నా, ముందు లోడుకి."

"అవును కదూ!" అంటూ ఆయన గబగబా నాలుగు ముద్దలు తిన్నారు.

విచారణ మళ్లీ మొదలవగానే ముఖ్య ఆర్బిట్రేటర్ అడిగింది. "విరామంలో కేసు గురించి ఎవరితోనైనా మాట్లాడారా?"

ఐజాక్ గారు పక్కనున్న బైబిలు మీద చెయ్యి వేశారు.

"మాట్లాడానండి. మా అమ్మాయితోనండి. కరెంటు సంగతి తనే గుర్తుచేసిందండి."

ఆ రోజుకి విచారణ ఆపేశారు. తబిత కేసు నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్లు సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో పోయింది.

"లేదండి అంటే పోయేదేముందండీ! పిల్ల బతుకు బుగ్గి చేశారు కదా!" జ్ఞానమ్మ భర్త మీద విరుచుకుపడింది.

"నాన్నని అనకమ్మా" అంది తబిత. "ఆయన్ని చివర్లో మళ్లీ ప్రశ్నలడిగే అవకాశం నాకుండేది. అప్పుడడిగితే ఆయనే సరిదిద్దుకునేవారు. అప్పటిదాకా ఆగలేకపోయాను. నిజమే చెప్పాను, కానీ ఇప్పుడది నేను నేర్పిన మాటైపోయింది. ఇంకెవరు నమ్ముతారు?"

ఐజాక్ గారు కూతురి తల నిమిరారు. "పరాయి లాయరైతే నాకు ముద్ద దిగకపోయినా ఊరుకునేవాడమ్మా. నువ్వు ఊరుకోలేవు. అది తెలిసీ నిన్నే పెట్టుకున్నాను."

తబిత ఆయన ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అంతసేపూ అరిచిన జ్ఞానమ్మ కూడా వచ్చి పక్కన చతికిలబడింది. అంతా సర్దుకుంటుందని మాత్రం ముగ్గురిలో ఎవరూ అనలేకపోయారు.