పొద్దు పొడిచిన గట్టు

కొవ్వూరు రేవు మెట్ల మీద ఏజెంట్ అబ్బులు బోర్లా పడి ఉన్నాడు. వెన్నులో సైలెన్సర్ తుపాకీ తూటా. మెడలో కెమెరా సంచి ఉంది, కెమెరా లేదు. తెల్లవారి స్నానాలకొచ్చినవాళ్లు కళ్లు తిరిగి పడ్డాడనుకుని ముఖాన నీళ్లు చల్లారు. గోదావరి నీళ్లకు లేచే మనిషే అయితే అబ్బులు ముందు లేచేవాడు, ఆ నదంటే అంత పిచ్చి అతనికి.

మధ్యాహ్నానికి కడియంలో ఒక నర్సరీ వెనక రేకుల షెడ్డులోకి ఏజెంట్ లోవలక్ష్మి వచ్చింది. బయట బోర్డు మీద గులాబీ మొక్కల హోల్‌సేల్ అని ఉంది. లోపల లుంగీ కట్టుకుని, చేతిలో నీళ్ల గొట్టంతో చీఫ్ చంద్రరావు ఉన్నాడు.

"కూర్చోమ్మా."

"నిలబడతానండి."

"ముఠా పేరు నైట్ హెరాన్. డబ్బు విదేశాలది, పేలుడు సామాను విదేశాలది. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లెత్తే మోటార్లు వాళ్ల టార్గెట్. భద్రాచలం దగ్గర నీళ్లు పెరుగుతున్నాయి. వరదొచ్చాక గేట్లు లేవకపోతే ఏమవుద్దో నీకు చెప్పక్కర్లేదు."

"గట్లు తెగుతాయండి. లంకలన్నీ మునుగుతాయి."

"టూరిస్టుల్లా వచ్చి డిజిటల్ కెమెరాలతో బ్యారేజీ మొత్తం ఫొటోలు తీసి ఈమెయిల్లో పంపారు. అబ్బులు కూడా టూరిస్టు వేషంలో వెళ్లి వాళ్ల ముఖాలు తీశాడు. చంపి కెమెరా పట్టుకుపోయారు."

"ఎవరండీ చంపింది?"

"అదే తెలీదు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది, మీనాకుమారి. ఈ సాయంత్రం బ్యారేజీ మీద కలుస్తుంది. 'గులాబీలు పూశాయా' అంటావు. 'ముళ్లే పూశాయి' అంటుంది."

"చంపినవాళ్లు దొరికితే అక్కడే కాల్చేస్తానండి."

"వద్దు. మిగతా వాళ్ల పేర్లు కావాలి. ప్రాణాలతో పట్టుకో."

"అబ్బులు నా మేనబావండి. మాఘంలో మా పెళ్లి."

చంద్రరావు నీళ్లు కట్టేశాడు. "తెలుసమ్మా. అందుకే మళ్లీ చెబుతున్నా, ప్రాణాలతో."

లోవలక్ష్మి బయటకు నడిచింది. ఆర్డరు ఆర్డరే గానీ, ఆ చేతిని చూడాలి, బావని చంపిన ఆ ఒక్క చేతిని. అంతకుమించి ఈ లోకంలో ఆమెకేమీ అక్కర్లేదు.

2004 ఆగస్టు. బ్యారేజీ కింద ఎర్రనీరు సుళ్లు తిరుగుతోంది. మీనాకుమారి తెల్ల ప్యాంటు, పెద్ద నల్లద్దాలు, చేతిలో అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన వెండిరంగు కెమెరాతో వచ్చింది. వరద చూడ్డానికొచ్చిన కుర్రాళ్లు నీళ్లు చూడ్డం మానేసి ఆమెనే చూస్తున్నారు. లోవలక్ష్మి క్యాలెండర్ ఫొటోగ్రాఫర్ వేషంలో ఉంది. తలకు టోపీ, మెడలో చవక కెమెరా, నడుముకు కట్టిన సంచిలో పిస్టల్.

"గులాబీలు పూశాయా?"

"ముళ్లే పూశాయి," అని మీనాకుమారి అద్దాలు తీసి కళ్లొత్తుకుంది. ఢిల్లీలో పెరిగిన పిల్ల, తెలుగు పుస్తకంలోంచి చదివినట్టు మాట్లాడుతుంది. "అబ్బులు గారి సంగతి విని ఎంత ఏడ్చానో లోవగారూ! నేను పక్కన ఉండి ఉంటే బతికేవారేమో."

"పొద్దున్న మీరెక్కడున్నారండి?"

"రాజమండ్రి ఘాట్‌లో సన్‌రైజ్ తీస్తున్నాను. చూడండి, తేదీ, టైము కూడా పడ్డాయి."

కెమెరా వెనక చిన్న తెర మీద ఫొటో వెలిగింది. తేదీ సరిపోయింది, టైము సరిపోయింది. గోదావరి అవతల ఎర్రటి సూర్యబింబం, నీళ్ల మీద రేవు మెట్లదాకా వెలుగుచార. క్యాలెండరుకెక్కాల్సిన ఫొటోనే.

కాకపోతే రాజమండ్రి రేవులో నిలబడితే పొద్దు వీపు వెనక, ఊరి మేడల మీంచి లేస్తుంది. గోదాట్లో కుంకడమే అక్కడివాళ్లకు కనిపిస్తుంది. నీళ్ల అవతల పొద్దు పొడవడం చూడాలంటే ఏరు దాటి కొవ్వూరు గట్టుకు రావాలి. అబ్బులుది కొవ్వూరే. "సూర్యుడు మాకు పుడతాడు, రాజమండ్రోళ్లకి పోతాడు" అని తుని పిల్లయిన లోవని ఎన్నోసార్లు ఉడికించాడు. బావ కోసం కాచుకుని కూర్చుని, తీరిగ్గా ఫొటో కూడా తీసుకుంది ఈ మహాతల్లి!

లోవలక్ష్మి నవ్వింది.

"చాలా బాగొచ్చిందండీ."

"అయితే మనిద్దరం కూడా ఒకటి దిగుదాం." మీనాకుమారి కెమెరాను పిట్టగోడ మీద పెట్టి, టైమర్ నొక్కి, మోటారు గది పక్కన లోవని నిలబెట్టింది. "అయ్యో, స్కార్ఫ్ కారులో ఉండిపోయింది. ఇప్పుడే వస్తాను, మీరు కదలకండి."

ఎర్రలైటు మెరుస్తోంది. మీనాకుమారి నడక పరుగైంది. మామూలు టైమరైతే ఈపాటికి క్లిక్‌మనాలి. అది ఇంకా మెరుస్తూనే ఉంది, పైగా వేగం పెరిగింది. అది కెమెరా కాదు, ట్రిగ్గర్! బ్యారేజీ పేలుతుంది, కెమెరా దగ్గర చచ్చిపడిన లోవలక్ష్మి దొంగవుతుంది.

లోవ ఒక్క దూకు దూకింది. లైటు మెరవడం మాని నిలకడగా వెలిగిన క్షణాన బ్యాటరీ మూత పీకేసింది. ఒక బ్యాటరీ ఎగిరి గోదాట్లో పడింది. లైటు ఆరిపోయింది.

కారు తలుపు తీస్తున్న మీనాకుమారి మెడకు పిస్టల్ ఆనింది. కుర్రాళ్లు షూటింగనుకుని చప్పట్లు కొట్టారు. కబురందుకున్న చంద్రరావు తన మనుషులతో వచ్చి జనాన్ని రెండువైపులా తరిమేశాడు.

మోటారు గది పక్క కమ్మీకి బేడీలతో కట్టేసినా మీనాకుమారి పొగరు తగ్గలేదు. "నన్ను చంపలేవు. మీకు పేర్లు కావాలి."

"చంపను." లోవ తన కెమెరాలోని బ్యాటరీలు తీసి వెండి కెమెరాలో వేసింది. దాన్ని పిట్టగోడ మీద ఆమెకెదురుగా పెట్టి టైమర్ నొక్కింది. "బాంబు ఎక్కడ పెట్టావో ఇంకా అక్కడే ఉంది. పేర్లు చెప్పు."

"పిచ్చిదానా, నువ్వూ చస్తావు!"

"మా బావ దగ్గరికేగా. వెనకనుంచి కాల్చావు, ఆయన చావు ఆయనకి కనబడలేదు. నువ్వు మాత్రం ఎదురుగా చూస్తూ చావు."

ఎర్రలైటు మెరిసింది. మీనాకుమారి బేడీలు గుంజుకుంది. లైటు వేగం పెరిగింది. "చెబుతాను! కాకినాడ పోర్టు దగ్గర లాడ్జి, ఇద్దరున్నారు, రాబర్ట్, సలీల్! బాంబు మూడో మోటారు కింద! చెప్పాను కదా, ఆపు! ఆపు లోవా!"

లోవ ఆపలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

క్లిక్. ఫ్లాష్ వెలిగింది. బ్యారేజీ ఉన్నచోటే ఉంది.

లోవ గుప్పిట విప్పింది. బ్యాటరీ మూత కింద అతికించిన, బాంబుకు సిగ్నలిచ్చే కందిబద్దంత చిప్పు, దానికో సన్నటి తీగ. దాన్ని ఇందాకే పీకేసింది. రాసుకున్న పేర్లతో చంద్రరావు వైర్‌లెస్ దగ్గరికి పరిగెత్తాడు, మనుషులు మూడో మోటారు వైపు వెళ్లారు.

లోవకు అప్పుడొచ్చింది ఏడుపు. తుడుచుకుని, తెర మీద ఫొటో చూసి, కూలబడిన మీనాకుమారి ముఖం ముందు పెట్టింది.

"కళ్లు మూసేసుకున్నారండీ. ఇంకోటి తీద్దామా?"