రెండోసారి వచ్చిన ర్యాంకు

"ఇరవై రెండు వేలా? పోయినేడు పద్దెనిమిది వేలు! ఏడాదంతా హాస్టల్లో పెట్టి చదివిస్తే, ముందుకు రావాల్సింది పోయి వెనక్కి పోయావా?"

జీవరాజు అరుపుకు మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఆ వరసంతా ఉలిక్కిపడింది! నెట్ సెంటర్ నుంచి ఎండలో నడిచొచ్చిన ఆలిస్ గడపలోనే తల వంచుకుని నిలబడిపోయింది. మంచినీళ్ళ గ్లాసు తెస్తున్న ప్రేమమణి, భర్త ముఖం చూసి గోడవారకు ఒదిగింది.

ఎంసెట్... ఆ మాట వింటేనే ఆ తల్లి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో పండగ లేదు, పబ్బం లేదు. క్రిస్మస్‌కు కూడా పిల్లను విజయవాడ హాస్టల్ నుంచి రానివ్వలేదు ఆయన! "మా ఆలిస్ డాక్టరవుతోంది" అని చర్చిలో ముందే చెప్పుకున్నాడు మరి! పరీక్ష రాసి ఇంటికొచ్చిన బిడ్డ నిద్రలో ఉలిక్కిపడి లేవడం, దువ్వెన నిండా జుట్టు ఊడిరావడం ప్రేమమణి కళ్ళారా చూసింది. చూసి ఏం చేసింది? తలకు కొబ్బరినూనె రాసింది... అంతే!

"వచ్చే వారమే మళ్ళీ విజయవాడ. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్!" అన్నాడు జీవరాజు.

"నావల్ల కాదు డాడీ!" ఆలిస్ బావురుమంది. "పేపర్ చేతికిస్తే చాలు, వణుకొస్తోంది. వచ్చినవి కూడా మర్చిపోతున్న... నర్సింగ్‌లో చేరతా డాడీ, ప్లీజ్! నాకిష్టమే!"

"నర్సా? నా కూతురు బెడ్‌పాన్లు ఎత్తుతుందా? ఛీ! అదీ ఒక బతుకేనా? నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోవాలి?"

వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న రోసమ్మ చేతులు ఆగిపోయాయి. జీవరాజు కన్నతల్లి ఆవిడ! చిన్న వయసులోనే భర్త పోతే, మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి ఆ కొడుకునీ, కూతురు దేవకృపనీ పెంచి పెద్దచేసిన మనిషి!

తన నోట ఏం వచ్చిందో జీవరాజుకు అప్పటికి తెలిసింది. "అమ్మా... నిన్ను కాదే..."

"నన్నేలే నాయనా" అంది రోసమ్మ. ఆ గొంతులో కోపం లేదు. అదే ప్రేమమణిని భయపెట్టింది! "నీకు అన్నం పెట్టింది ఆ బెడ్‌పాన్లేరా! మా అమ్మ నర్సని నువ్వు నలుగురికీ చెప్పుకుంటావనుకున్నా ఇన్నాళ్ళూ... పిచ్చిదాన్ని!"

ప్రేమమణి గుండె భగ్గుమంది. కూతుర్ని దగ్గరకు లాక్కుంది. "పిల్ల విజయవాడ పోదండీ! మీరు అరవండి, కొట్టండి, చంపండి... పోదు! నాకు డాక్టరు అక్కర్లేదు, నా బిడ్డ ప్రాణాలతో ఉంటే చాలు!"

పెళ్ళైన ఇన్నేళ్ళలో భార్య గొంతు అలా లేవడం ఆయన ఎరగడు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆలిస్ నర్సింగ్‌లో చేరింది. రోసమ్మ మాత్రం కార్ఖానా ఏరియాలో ఉండే కూతురు దేవకృప ఇంటికి వెళ్ళిపోయింది. జీవరాజు వెళ్ళి ఎన్నిసార్లు బతిమాలినా కాఫీ ఇచ్చేది, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది... రానని మాత్రం చెప్పేది!

ఆ ఏడు క్రిస్మస్ ఆరాధన అయ్యాక, సంఘపెద్ద జకర్యాగారు పలకరించారు. "ఏం జీవరాజూ, అమ్మాయి డాక్టరు చదువు ఎంతదాకా వచ్చింది?"

ప్రేమమణి భర్త వైపు చూసింది. ఈ ఒక్కసారి... ఈ ఒక్కసారి చెప్పడా?

"ఆ... హాస్పిటల్ లైన్లోనే ఉందండీ" అన్నాడు జీవరాజు, ఎటో చూస్తూ.

"నర్సింగండీ!" అంది ప్రేమమణి అందరికీ వినపడేలా. "మా అత్తగారిలాగే!"

ఇంటికెళ్ళి ఆయనకు అన్నం వడ్డించి, అత్తగారి కోసం క్యారియర్‌లో బిర్యానీ సర్దుకుని, ప్రేమమణి ఒక్కతే కార్ఖానా బస్సెక్కింది.